ఎదురు పాట లేని వేలం

టైలరమ్మకి వాళ్లమ్మ గొంతంటే చిరాకు. మామూలు చిరాకు కాదు, ముద్దలో ఇసుక పడ్డట్టు, మింగనూ లేదు కక్కనూ లేదు. అయితే ఆ గొంతెలాంటిదో ముందు చెప్పకపోతే తప్పంతా కూతురిదే అనుకుంటారు. అందుకని అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

పెద్దావిడ ఒంట్లో సత్తువున్నన్నాళ్లూ కూరగాయల మార్కెట్టులో వేలం వేసింది. అందరూ వేలాలమ్మ అనేవారు. పొద్దున్నే లారీలు వచ్చేవి, బుట్టలు దిగేవి, ఈవిడ బుట్ట పక్కన నిలబడి "ఒకటోసారి" అనేది. అంతే, లారీలో ఇంకా దింపని క్యాబేజీలు వాటంతటవే దొర్లుకుంటూ వచ్చి వరసలో నిలబడేవట. "మూడోసారి" అంటే పక్క వీధిలో ఉయ్యాల్లో పడుకున్న పసిపిల్లలు లేచి బేరమాడేవారట. ఒకసారి ఆవిడకి జలుబు చేసి గొంతు పోతే ఆ వారమంతా టమాటాలు ఎర్రబడలేదని ఒట్టేసి చెప్పేవాళ్లున్నారు. ఇందులో సగం కోతలని తీసిపారేసినా మిగిలిన సగం చాలు, ఆవిడతో ఒక కప్పు కింద బతికేవాళ్లకి చెవులు చిల్లులు పడటానికి.

మార్కెట్టు మానేశాక నోరు మూసుకుని కూర్చుందా అంటే, లేదు. ప్రభువు తనని పిలిచాడంది.

"గట్టిగానే పిలిచుంటాడు, మెల్లగా పిలిస్తే నీ గోలలో నీకేం వినపడుతుంది" అంది కూతురు.

పాస్టరు గారు మంచివాడు. ఒక ఆదివారం ఆవిడ చేతికి మైకిచ్చి, ప్రభువు తనకేం మేలు చేశాడో సాక్ష్యం చెప్పమన్నాడు. ఆవిడ మైకు పక్కన పెట్టేసి చెప్పింది. కిటికీ అద్దం ఒకటి నిలువునా చీలింది. పాస్టరు గారు చెవిలో వేలు తిప్పుకుంటూ, "అమ్మా, మీ పరిచర్య ఆరుబయటైతే ఇంకా బాగుంటుంది" అని గుమ్మం చూపించాడు. వదిలించుకున్నాడని లోకానికంతా అర్థమైంది, ఆవిడకి తప్ప. పంపించాడనుకుంది.

అంత పెద్ద ఊళ్లో ఆవిడకి దొరికిన ఆరుబయలు ఏదంటే, కూతురి కుట్టుషాపు ముందు మూల. అక్కడే బస్సు ఆగుతుంది. సాయంత్రం కాగానే టమాటా పెట్టె బోర్లించి దానిమీద ఎక్కేది. పాతికేళ్లు బుట్టలమ్మిన మనిషికి బోధించడం వేరేలా వస్తుందా, వేలమే వేసేది.

"ఇదిగో ఆత్మ. పైన నిగనిగ చూడకండి, లోపల పుచ్చెంతుందో చూడండి. సైతాను పాట మొదలుపెట్టాడు. సీసా ఇస్తానంటున్నాడు. పక్కింటావిడ మీద ఏడుపు ఇస్తానంటున్నాడు. ఒకటోసారి. ఇటుపక్క ప్రభువు తన రక్తమే పెట్టాడు. దానికి మించి పాడే మొనగాడెవడన్నా ఉన్నాడా. రెండోసారి."

జనం మూగేవారు. మూగేవాళ్లేం మహానుభావులు కాదు. బస్సు రానివాళ్లు, ఇంటికెళ్తే పెళ్లాం పని చెప్తుందని నిలబడ్డవాళ్లు, ఏ గొడవైనా సరే ఉచితంగా దొరికితే చాలనుకునేవాళ్లు. టైలరమ్మ మిషను ముందు కూర్చుని వాళ్లందరి వీపులూ చూస్తూ, ఏ వీపుకి ఎంత గుడ్డ దండగో లెక్కేసుకునేది. వాళ్లు ఆత్మ కోసం రాలేదని ఆమెకి తెలుసు. తాళాలాయన కోసం వచ్చారు.

తాళాలాయన కొట్టు ఎదురుగానే. కొట్టంటే ఒక చెక్క డబ్బా, ఆయన అందులో కూర్చుంటే ఇంకో పిల్లి పట్టదు. పగలంతా తాళంచెవులు అరగదీస్తాడు. దేవుణ్ని నమ్మడు. మనుషుల్ని అసలే నమ్మడు, ఊళ్లో అందరి తాళాలూ చూసినవాడాయె. వేలాలమ్మ పెట్టె ఎక్కగానే ఈయన ఆకురాయి పక్కన పెట్టి గొంతు సవరించుకునేవాడు.

"అక్కా, పరలోకానికి తాళం ఉందంటావు కదా. ఏ కంపెనీది?"

"నువ్వు తెరవలేని కంపెనీది తమ్ముడూ."

"అది సరే, చేప కడుపులో మూడు రోజులున్నాడే ఆ ప్రవక్త, ఆయనకి గాలెలా ఆడింది?"

"నీ డబ్బాలో నీకెలా ఆడుతోందో అలాగే. ఆయన మూడు రోజులకి బయటపడ్డాడు, నువ్వింకా లోపలే ఉన్నావు."

జనం ఇకిలించేవారు. బస్సు వచ్చి ఆగేది, ఎవరూ ఎక్కేవారు కాదు. ఓసారి డ్రైవరే దిగొచ్చి నిలబడ్డాడు. లోపల ప్రయాణికులు చూసిచూసి, తామే బస్సు తోసుకుంటూ వెళ్లిపోయారని చెప్పుకుంటారు.

ఈ రభసలో టైలరమ్మ కొలతలు తీయాలి. నడుం కొలత రాస్తుంటే బయటినుంచి అంకె ఏదొస్తే అది చేతిలోకి వచ్చేసేది. అలా ఒక హెడ్మాస్టరు గారి ప్యాంటు ఎంత పెద్దదైందంటే, వానాకాలంలో ఆయనా, పెళ్లామూ, సైకిలూ, ముగ్గురూ ఒక కాలు కిందే తలదాచుకున్నారు. ఆమె కోరిక ఏ మేడలో మిద్దెలో కాదు. ఒక్క సాయంత్రం కావాలి. తన మిషను చప్పుడు తనకి వినపడే సాయంత్రం. ఎవరూ గుమ్మంలోంచి తొంగిచూసి "ఆవిడ మీ అమ్మగారా" అని పళ్లు బయటపెట్టని సాయంత్రం.

తల్లితో చెప్పి చూసింది. "అమ్మా, నాలుగడుగులు అటు జరగకూడదా?"

"అటు జరిగితే నీ ఆత్మకి వినపడొద్దూ?"

"నా ఆత్మ చెవిలో దూది పెట్టుకుని చాలా కాలమైంది."

"దూది తీసేదాకా ఇక్కడే."

ఇక మాటలతో అయ్యే పని కాదని టైలరమ్మ బుర్ర పెట్టింది. చిన్నప్పుడు బుట్టల మధ్యే పెరిగింది కాబట్టి ఆ యాపారం గుట్టు ఆమెకి తెలుసు. ఒక్కడే కొనేవాడుంటే వేలం ఉండదు. ఎదురు పాట పాడేవాడు ఉంటేనే సరుకు లేస్తుంది, జనం నిలబడతారు. వాడు తప్పుకున్నాడంటే వేలం వేసే మనిషి ఎంత అరిచినా బుట్ట కదలదు. కాబట్టి అమ్మని కదపక్కర్లేదు. తాళాలాయన్ని నొక్కితే చాలు.

మర్నాడు మధ్యాహ్నం టీ పట్టుకుని డబ్బా దగ్గరికెళ్లింది.

"మామయ్యా, నీకొక్కడికే చెప్తున్నా. అమ్మ గుండె బాగాలేదు. ఎవరూ ఎదురు మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు. మాట్లాడితే అక్కడికక్కడే."

తాళాలాయన టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "అక్కకి తెలుసా?"

"తెలిస్తే ఇంకా ప్రమాదం."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. టైలరమ్మకి జాలేయలేదు సరికదా నవ్వొచ్చింది. పైన దేవుడు లేడని బల్లగుద్ది చెప్పేవాడు, కనిపించని డాక్టరు మాటని గుటుక్కున మింగేశాడు.

ఆ సాయంత్రం వేలాలమ్మ పెట్టె ఎక్కి, ఆత్మని పైకెత్తి చూపించి, సైతాను పాట చెప్పి, ప్రభువు పాట చెప్పి, ఎప్పట్లాగే డబ్బా వైపు చూసింది. డబ్బాలోంచి ఏమీ రాలేదు.

"ఏం తమ్ముడూ, నోటికే తాళం పడిందా?"

"నువ్వు చెప్పేది నిజమే అక్కా" అన్నాడు తాళాలాయన. "అంతా నిజమే. కాసిని నీళ్లు తాగు."

వేలాలమ్మ ముఖం చెంపదెబ్బ తిన్నట్టయింది. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బస్సొచ్చింది. ఎక్కేశారు. మర్నాడు సగం మందే వచ్చారు, ఆ పై రోజు ఒక కుక్కా, దాని వెంట పడ్డ ఇంకో కుక్కా. తాళాలాయన మాత్రం చేతులు కట్టుకుని బుద్ధిమంతుడిలా తలూపుతూనే ఉన్నాడు. ఆ ఊపుడు చూసి పాస్టరు గారు పరుగున వచ్చి, "అమ్మా, శత్రువు లొంగిపోయాడు, ప్రార్థనకి జవాబు దొరికింది" అన్నాడు.

"లొంగిపోయినోడితో నాకేం పని పాస్టరు గారూ" అంది ఆవిడ. "ఇన్నాళ్లూ నా మాట పట్టించుకున్నవాడు వాడొక్కడే. వాడు తిట్టడానికైనా ప్రతి ముక్కా వినేవాడు. మీ చర్చిలో వాళ్లు నిద్రలో ఆమెన్ అంటారు."

అనుకున్నది అనుకున్నట్టే అయింది కదా అని టైలరమ్మ మురిసిపోయింది. ఒక్కటే మర్చిపోయింది. అమ్ముడుపోని సరుకు ఎక్కడికి పోతుంది? ఇంటికొస్తుంది. ఆమె చిన్నప్పుడు బీన్స్ మిగిలితే వారమంతా బీన్సే. పొద్దున బీన్స్, రాత్రి బీన్స్, కలలో బీన్స్. ఇప్పుడు దేవుని వాక్యం మిగిలింది.

వేలాలమ్మ భోజనాల బల్ల దగ్గర మొదలుపెట్టి మంచాల దాకా ఆపేది కాదు. ఉప్పు తక్కువైతే ఉప్పు మీద, తలుపు కిర్రుమంటే పరలోకానికి పోయే ఇరుకు ద్వారం మీద. టైలరమ్మ గుక్క తిప్పుకోకుండా కుట్టుపని మీద పడింది. దొరికిందెవరయ్యా అంటే మొగుడు. ఆయన షాపులోనే వెనకగదిలో ఇస్త్రీ చేస్తాడు. ఒప్పుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. వాన వస్తుందంటే అవునంటాడు, రాదంటే అవునంటాడు, నీకు బుద్ధి లేదంటే కాస్త ఆలోచించి మరీ అవునంటాడు.

"అల్లుడూ, నువ్వు పాపివా కాదా?"

"అవునత్తయ్యా."

"నరకం ఉందా లేదా?"

"అవునత్తయ్యా."

"మారుమనసు పొందుతావా?"

"పొందుతానత్తయ్యా. ఈ చొక్కా అయ్యాక."

ఆవిడ కూతురి వైపు తిరిగి, "ఈ మనిషి ఆత్మని ఊరికే ఇస్తానన్నా సైతాను మొయ్యడు. కూలి దండగంటాడు" అంది.

ఆ తర్వాత మెల్లమెల్లగా మాటలు తగ్గాయి. ఒక సాయంత్రం ఆవిడ టమాటా పెట్టె లోపలికి తెచ్చుకుని షాపు మూలలో వేసుకుని కూర్చుంది. అయస్కాంతంతో నేలమీద గుండుసూదులు ఏరడం మొదలుపెట్టింది. టైలరమ్మకి కావాల్సిన సాయంత్రం వచ్చేసింది. మిషను చప్పుడు వినపడింది. ముసలి మేక గోనెసంచి నమిలినట్టుంది. ఇన్నేళ్లూ ఇదా తను కుట్టింది అనుకుంది.

"..." అంది వేలాలమ్మ.

"ఏంటి?" అంది టైలరమ్మ.

"కాసిని నీళ్లు" అంది వాళ్లమ్మ.

టైలరమ్మ పెడల్ మీద కాలు ఆగిపోయింది. వాళ్లమ్మని ఏంటని తిరిగి అడగాల్సి రావడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. తేరిపార చూసింది. ఆవిడ బట్టలు భుజాల మీంచి జారుతున్నాయి. ఒక్క కేకతో లారీలోంచి క్యాబేజీలు దొర్లించిన మనిషి, గుండుసూది కోసం వంగి లేవడానికి గోడ పట్టుకుంటోంది. లేని జబ్బు అంటగట్టింది తను. ఉన్న ప్రాణం పోయేలా ఉంది.

వెంటనే డబ్బా దగ్గరికెళ్లింది. "మామయ్యా, అమ్మ గుండెకేం కాలేదు. నేనే అబద్ధం చెప్పా. ఇవాళ్టినుంచి ఎప్పట్లాగే తిట్టు."

తాళాలాయన ఆమెని పైనుంచి కిందదాకా చూశాడు. "అప్పుడు చెప్పింది అబద్ధమో, ఇప్పుడు చెప్పేది అబద్ధమో నాకెలా తెలుస్తుందమ్మా? మొదటిది అబద్ధమైతే నేను ఊరికే నోరు మూసుకున్నట్టు, అంతే. రెండోది అబద్ధమైతే అక్క ప్రాణం పోతుంది. నేను నోరు తెరవను. అయినా కన్నతల్లిని తిట్టించడానికి మనిషిని వెతుక్కునే కూతుర్ని నిన్నే చూస్తున్నా."

"దేవుడే లేనోడివి, నీకింత పాపభయం ఏంటి?"

"దేవుడుంటే ఆయన మీదకి తోసేసేవాణ్ని. లేడు కాబట్టే నాకు భయం."

ఇంత తెలివి పనికిరాని వేళలోనే పుట్టుకొస్తుంది మనుషులకి. టైలరమ్మ విసవిసా షాపులోకొచ్చి, తల్లిని లేపి, పెట్టె బయటికి తీసుకెళ్లి పాత మూలన బోర్లించింది.

"ఎక్కు."

"ఎవరికి చెప్పాలి?"

"నాకు."

వేలాలమ్మ ఎక్కింది. "ఇదిగో ఆత్మ" అంది. పక్కింటి వాళ్లని చక్కెర అడిగినట్టుంది ఆ గొంతు. టైలరమ్మ మెడలో టేపు వేలాడేసుకుని ఎదురుగా నిలబడి, తాళాలాయన మాటలు గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటే వదిలింది.

"చేప కడుపులో ఆ ప్రవక్తకి గాలెలా ఆడింది?"

ఇద్దరు ముగ్గురు ఆగారు. తల్లీకూతుళ్ల గొడవంటే ఆగనివాడు ఏ దేశంలోనూ లేడు. వేలాలమ్మ మాత్రం కూతురి వంక వింతగా చూస్తోంది.

"పరలోకం తాళం ఏ కంపెనీది?" అంది టైలరమ్మ, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

ఈలోగా తాళాలాయన డబ్బాలోంచి ఊడిపడి, చేతిలో ఆకురాయితో సహా పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు. "ఏమ్మా, నీకు మతి ఉందా? గుండెజబ్బు మనిషితో ఎదురు మాట్లాడతావా?"

"ఎవరికి గుండెజబ్బు?" అంది వేలాలమ్మ.

తాళాలాయన నాలుక కరుచుకున్నాడు. తర్వాత ఆయన చూపు టైలరమ్మ మీదకి పోయింది, దాని వెంటే జనం చూపులు, అన్నిటికంటే ఆఖర్న వేలాలమ్మ చూపు. ఆవిడకి వివరంగా చెప్పక్కర్లేదు. జీవితమంతా బేరాల్లో బతికిన మనిషి.

"అదా సంగతి" అంది. "నాకు ఎదురు పాడేవాణ్ని నువ్వే తప్పించావన్నమాట. ఇప్పుడు నామీద జాలిపడి, వాడి మాటలే అరువు తెచ్చుకుని, నువ్వే పాడటానికొచ్చావు."

మార్కెట్టులో దాన్ని దొంగ పాట అంటారు. కొనేవాడు లేనప్పుడు వేలం వేసేవాళ్లు తమ మనిషినే జనంలో నిలబెట్టి పాట పెంచుతారు. వాడికి సరుకు అక్కర్లేదు, ఉత్తుత్తినే అరుస్తాడు. వేలాలమ్మ ఆ పని ఏనాడూ చేయలేదు. చేసినవాడు ఒకడు దొరికితే ఉల్లిపాయల బస్తా వాడి నెత్తిన గుమ్మరించింది, వాడు ఇప్పటికీ ఏడుస్తూనే ఉన్నాడని వినికిడి.

"దొంగ పాట నా దగ్గర చెల్లదు" అంది ఆవిడ. "నీకు నా మాట మీద కోపమూ లేదు, నమ్మకమూ లేదు. ఊరికే నన్ను బతికించడానికొచ్చావు. పోయి గుండీలు కుట్టుకో."

జనంలో ఎవడో కిసుక్కుమన్నాడు. టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. తల్లికి చేసిన ఉపకారం కూడా నాణ్యత చూసి వెనక్కిచ్చేసింది చూడు, అనుకుంది.

"కోపం లేదా నాకు?" అంది. "సరే, నాదే అడుగుతా, ఎవడిదీ అరువు కాదు. నాన్న ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు నువ్వెక్కడున్నావు? వరండాలో. బెంచీ ఎక్కి ఊళ్లో రోగులందరికీ ప్రభువు గురించి చెప్తూ నిలబడ్డావు. లోపల నాన్న పక్కన నేనొక్కదాన్నే. ఆయన నీ గొంతు వింటూ పోయాడు, నీ ముఖం చూడలేదు. ఊరందరి ఆత్మలకీ ధర కట్టావు కదా, నీ మొగుడి పక్కన కాసేపు కూర్చోవడానికి నీకేం అడ్డమొచ్చింది? నీ దేవుడే వెళ్లొద్దన్నాడా?"

ఇందాక కిసుక్కుమన్నవాడు తల దించుకున్నాడు. బస్సొచ్చి ఆగింది.

వేలాలమ్మ నోరు తెరిచింది. ఏదో అంది. ఎంత మెల్లగా అందంటే జనం నాలుగడుగులు ముందుకొచ్చారు.

"కూర్చుంటే ఏడుస్తానని" అంది. "నేను ఏడిస్తే ఆయనకి తను పోతున్నట్టు తెలిసిపోతుందని. వరండాలో అరుస్తుంటే నేను బాగానే ఉన్నాననుకుంటాడని."

"ఆయనకి తెలుసు" అంది టైలరమ్మ. "నన్నడిగాడు, మీ అమ్మ ఎప్పుడు దిగుతుందీ అని."

తాళాలాయన ఆకురాయిని అటూ ఇటూ తిప్పి, ఇలాంటి చోట నాస్తికుడు ఏం అనాలో తెలియక, "అయినా అక్కా, దీన్ని బట్టి చూస్తే దేవుడు" అని మొదలుపెట్టాడు.

"నువ్వాగు తమ్ముడూ" అంది వేలాలమ్మ. "ముందు దీని పాట తేలాలి."

ఆవిడ కూతురి వంకే చూస్తోంది. కళ్లల్లో నీళ్లున్నాయి, కానీ భుజాలు మాత్రం నిటారుగా లేచాయి. ఇంతసేపూ బట్టల్లో తప్పిపోయిన మనిషి మళ్లీ బట్టల నిండా కనపడింది.

"నేను చెప్పింది సరైన జవాబు కాదు కదూ" అంది.

"కాదు. సాకు."

"అవును, సాకే. నా దగ్గర ఇంతకంటే మంచిది ఇప్పుడు లేదు. ప్రభువుని అడగాలి. ఆయన్ని నిలదీయాల్సింది కూడా ఉంది ఇందులో." ముంజేత్తో ముఖం తుడుచుకుంది. "ఇదిగో అందరూ వినండి, నా కూతురు నన్నొక మాట అడిగింది, నేను చెప్పలేకపోయాను. రేపు ఇదే మూలన చెప్తాను." ఆ గొంతుకి కరెంటు తీగల మీద పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి, బస్సు అద్దాలు గలగలమన్నాయి.

తర్వాత వంగి, కూతురికి మాత్రమే వినపడేలా, "వస్తావా?" అంది.

టైలరమ్మ మెడలో టేపు లాగి వేలికి చుట్టుకుంది. ఇకమీదట ఒక్క సాయంత్రం కూడా తనకి మిగలదని ఆమెకి బాగానే తెలిసింది. చుట్టూ నోళ్లు తెరుచుకుని గొర్రెల్లా నిలబడ్డ జనాన్ని చూసింది, తాళాలాయన్ని చూసింది, పెట్టె మీద తల్లిని చూసింది.

"వస్తా" అంది. "నువ్వు చెప్పేది ఎలాగూ బాగుండదు. అయినా వస్తా."